అక్క అడిగిన ప్రశ్న, నేను వేసిన లెక్కలు

మా పెదనాన్న 2021లో కొవిడ్ టీకా రెండో డోసు వేయించుకున్న 11వ రోజున గుండెపోటుతో పోయారు. ఆయన వయసు 68. రెండేళ్లు గడిచాక ఒక రాత్రి ఆయన కూతురు, మా అక్క, ఫోన్ చేసింది. ఎవరో పంపిన ఒక గ్రాఫ్ చూసిందట. టీకాలు మొదలయ్యాక మరణాలు ఎలా పెరిగాయో అందులో ఉందట. "ఏరా, నీకు లెక్కలొచ్చు కదా. ఒక్కసారి నువ్వే చూసి చెప్పు. నాన్న ఆ సూది వల్లే పోయారా?" అంది. చూస్తానని మాటిచ్చాను. వారంలో తేలిపోతుందనుకున్నాను కానీ చాలా నెలలు పట్టింది.

మొదట అదనపు మరణాల సంగతి చూశాను. మామూలుగా అయితే ఇంతమంది చనిపోయేవారు అని ఒక అంచనా వేసుకుంటారు. నిజంగా పోయినవాళ్ల సంఖ్యలోంచి దాన్ని తీసేస్తే మిగిలేవే అదనపు మరణాలు. 2020, 2021 రెండేళ్లలో ప్రపంచం మొత్తమ్మీద ఇవి సుమారు 1.49 కోట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఆ రెండేళ్లలో కొవిడ్ మరణాలుగా నమోదైనవి 54 లక్షలే. ఈ తేడా చూసినప్పుడు, నేను పట్టుకున్నది చిన్న విషయం కాదని అర్థమైంది.

హ్యూమన్ మోర్టాలిటీ డేటాబేస్‌లో చాలా దేశాల వారంవారీ మరణాల లెక్కలు ఎవరైనా దింపుకోవచ్చు. వాటిలో కొన్ని దేశాలవి తీసుకుని 2015 నుంచి 2019 వరకు సగటు కట్టి, దాని మీద తర్వాతి సంవత్సరాల గీత గీశాను. అక్క చూసిన గ్రాఫే నా ముందుకొచ్చింది. 2022లోనూ 2023లోనూ గీత సగటుకు పైనే ఉంది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. గ్రాఫ్ పంపినవాళ్లు చెప్పిందే నిజమేమో అనుకున్నాను.

కానీ అదే గీతలో చిత్రమైన సంగతులు కనిపించాయి. 2020లో 53 వారాలున్నాయి. ఆ 53వ వారానికి నా దగ్గర పోల్చడానికి తగిన సగటే లేదు. లెక్కలు దొరికిన చివరి రెండు మూడు వారాల్లో ప్రతి దేశంలోనూ మరణాలు హఠాత్తుగా తగ్గినట్టు కనిపించింది. చావులు తగ్గలేదు, నమోదు ఇంకా పూర్తి కాలేదంతే. కొన్ని దేశాలు మరణం జరిగిన తేదీతో లెక్కిస్తే, ఇంగ్లాండ్ వారపు లెక్కలు రిజిస్టర్ చేయించిన తేదీతో ఉంటాయి. సెలవులొస్తే ఆ వారం గీత పడిపోతుంది, మరుసటి వారం లేస్తుంది. ఇవన్నీ సరిచేయడానికి ఓపిక ఉంటే చాలు.

అసలు చిక్కు సగటులోనే ఉంది. 2015–2019 సగటు అంటే మనం నిలబడిన చోటు 2017. ఆ తర్వాత జనాభా పెరిగింది. అంతకంటే ముఖ్యం, 80 దాటినవాళ్లు పెరిగారు. ఏ జబ్బూ రాకపోయినా 2023లో మరణాలు 2017 కంటే ఎక్కువే ఉండాలి. నేను ఇందులో తలమునకలై ఉన్నప్పుడే, 2024 ఫిబ్రవరిలో, బ్రిటన్ జాతీయ గణాంక కార్యాలయం తన లెక్క పద్ధతి మార్చింది. 2023లో అదనపు మరణాలు పాత పద్ధతిలో 31,442. వయసుల్లో వచ్చిన మార్పును కలుపుకున్న కొత్త పద్ధతిలో 10,994. చనిపోయినవాళ్లు అదే మనుషులు. మారింది పోల్చే కొలబద్ద. నేను కూడా వయసుల వారీగా విడదీసి మళ్లీ గీశాను. నన్ను నిద్రపోనివ్వని గీత చాలావరకు కిందికి దిగింది. పూర్తిగా దిగలేదు. ఆ మిగిలినదాన్ని కూడా లేదనడం నాకు ఇష్టం లేదు. కొవిడ్ వల్లనే పోయినవాళ్లు, కొవిడ్ సోకిన తర్వాత గుండె జబ్బులొచ్చినవాళ్లు, సమయానికి వైద్యం అందనివాళ్లు, అందరూ అందులోనే కలిసిపోయి ఉన్నారు. ఎవరెంతమందో ఆ ఒక్క గీత చెప్పలేదు.

టీకాల వల్ల వైకల్యం కూడా పెరిగిందని అంటారు కాబట్టి, తర్వాత ఆ లెక్కలు చూశాను. ఈ విషయంలో అందరూ చూపించేది అమెరికా నెలవారీ జనాభా సర్వే. 2021 మధ్య నుంచి అందులో వైకల్యం ఉన్నవాళ్ల సంఖ్య ఎక్కడం మొదలైంది. 16 ఏళ్లు దాటినవాళ్లలో సుమారు 3 కోట్ల దగ్గర ఉన్నది 2022 చివరికి 3.3 కోట్ల దాకా వెళ్లింది. పెరుగుదల నిజమే, నేను కాదనను. అయితే ఆ సర్వే ఏం అడుగుతుందో చదివాను. వినడం, చూడడం, నడవడం, బట్టలు వేసుకోవడం లేదా స్నానం చేయడం, ఒంటరిగా బయటి పనులు చేసుకోవడం, ఏకాగ్రత లేదా జ్ఞాపకం. ఈ ఆరింటిలో ఒక్కదానికి ఇబ్బంది ఉందన్నా లెక్కలోకి వస్తారు. డాక్టర్ పరీక్ష లేదు. కారణం అడగరు. టీకా వేసుకున్నారా, కొవిడ్ వచ్చిందా అన్న వివరం ఆ ప్రశ్నల్లో లేదు. పెరుగుదలలో పెద్ద వాటా ఏకాగ్రత, జ్ఞాపకం ప్రశ్నది, అదీ చిన్న వయసువాళ్లలో. దీర్ఘకాలం వదలని కొవిడ్ వాళ్లు చెప్పే బాధ కూడా అదే కాబట్టి నాకు ఆ వైపే అనుమానం వెళ్లింది. కానీ ఈ ఒక్క సర్వేతో దాన్నీ రుజువు చేయలేం.

ఇక టీకా భద్రత. ఇక్కడ నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. దేశాల వారీగా డోసుల సంఖ్యనీ అదనపు మరణాలనీ పక్కపక్కన పెట్టి సంబంధం వెతికాను. నిజానికి డోసులు ఎక్కువ వేసినవి చాలావరకు వృద్ధులు ఎక్కువగా ఉన్న దేశాలే. ఇజ్రాయెల్ లెక్కలు చదివాక కళ్లు తెరుచుకున్నాయి. 2021 ఆగస్టు మధ్యలో అక్కడ తీవ్రంగా జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్న 515 మందిలో 301 మంది రెండు డోసులు వేసుకున్నవాళ్లే. అందరినీ కలిపి లెక్కిస్తే టీకా రక్షణ 67.5 శాతమే. 50 లోపువాళ్లని, పైవాళ్లని విడదీస్తే 91.8, 85.2. విడివిడిగా రెండూ ఎక్కువే, కలిపితే తక్కువ. టీకా వేసుకున్నవాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లు, తీవ్రమైన జబ్బు వచ్చేదీ వాళ్లకే. అంతకుముందు నేను వయసు విడదీయకుండా గీసిన ప్రతి బొమ్మనీ తీసేశాను.

అప్పుడు పెదనాన్న వయసు మగవాళ్ల గురించి ఒక చిన్న లెక్క వేశాను. ఏడాదికి నూటికి ఇద్దరు చనిపోతారనుకుందాం. అలాంటి 10 లక్షల మందికి ఒకే రోజు ఉట్టి నీళ్లు ఎక్కించినా, తర్వాతి 14 రోజుల్లో సుమారు 767 మంది పోతారు. ప్రతి ఇంట్లోనూ "సూది తర్వాతే పోయారు" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పినట్టు కాదు. అందుకే ఫిర్యాదుల సంఖ్య చూసి ఆగిపోకుండా, మామూలుగా ఎన్ని జరగాలి, ఎన్ని జరిగాయి అని చూడాలి. ఒకే మనిషికి టీకా తర్వాతి రోజుల్లో వచ్చిన ముప్పును, అదే మనిషికి మిగతా రోజుల్లో ఉన్న ముప్పుతో పోల్చే పద్ధతి కూడా ఉంది. మరణం విషయంలో మాత్రం అది కష్టం. పోయిన మనిషికి ఆ తర్వాతి రోజులు ఉండవు కదా. దానికి పద్ధతిని మార్చి వాడతారు.

ఈ దారిలోనే నిజమైన ప్రమాదాలు దొరికాయి. 1999లో అమెరికాలో రోటాషీల్డ్ టీకాను ఆపేశారు. పసిపిల్లల్లో సుమారు పదివేల మందిలో ఒకరికి పేగు మడతపడడం బయటపడింది. 2021 వసంతంలో ఆస్ట్రాజెనెకా టీకా తర్వాత అరుదుగా రక్తం గడ్డకట్టడం, ఫైజర్, మోడెర్నా లాంటి ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల రెండో డోసు తర్వాత వారం లోపు కుర్రాళ్లలో గుండె కండరం వాపు కూడా ఇలాగే తేలాయి. ఇవేవీ దేశం మొత్తం మరణాల గీతలో కనిపించేంత పెద్దవి కావు. ఆ గీత పట్టుకుని ఇన్ని నెలలు నేను వెతికింది, అది చూపించలేని దాన్ని.

అక్క ఇంటికి వెళ్లి 767 లెక్క కాగితం మీద వేసి చూపించాను. చాలాసేపు ఆ అంకె వైపే చూసింది.

"అంటే నాన్న వాళ్లలో ఒకరా?"

"కావచ్చక్కా. కాకపోనూ వచ్చు. ఈ లెక్క ఒక్క మనిషి గురించి చెప్పలేదు. ఆయన కాగితాలు చూడాలి."

అక్క బీరువాలోంచి ఫైలు తెచ్చింది. ఆయన పోవడానికి నాలుగేళ్ల ముందే తీసిన యాంజియోగ్రామ్‌లో రెండు చోట్ల రక్తనాళం మూసుకుపోవడం మొదలైనట్టుంది. అక్కకి ఆ సంగతి తెలియదు. పెదనాన్న చెప్పలేదు. ఏడ్చింది. నేనేమీ మాట్లాడలేదు.

కాసేపటికి, "ఆయన పేరు ఎక్కడైనా నమోదైందా?" అని అడిగింది. కాలేదు. టీకా తర్వాత ఇలా జరిగిందని ఎవరూ రిపోర్టు చేయలేదు. ఇంతకాలం తర్వాత కూడా తీసుకుంటారా అని కనుక్కుంటే తీసుకుంటామన్నారు. ఇద్దరం కూర్చుని ఫారం నింపాం. డోసు తేదీ, బ్యాచ్ నంబరు, 11వ రోజు, యాంజియోగ్రామ్ వివరాలు, అన్నీ రాశాం. సర్టిఫికెట్‌లో బ్యాచ్ నంబరు మసకగా ఉంటే అక్క కళ్లజోడు తెచ్చుకుని ఒక్కో అక్షరం చదివింది, నేను రాశాను.