ఏది పడదు, ఎంత పడుతుంది: పొట్ట కోసం నేను పాటించిన పథ్యం

మూడేళ్లపాటు నా రోజు మధ్యాహ్న భోజనం వరకు ఒకలా, ఆ తర్వాత ఇంకోలా గడిచేది. తిన్న రెండు మూడు గంటలకు పొట్ట బిగుసుకుపోయి, చీర కుచ్చిళ్లు వదులు చేసుకుంటే తప్ప ఆఖరి పీరియడ్‌లో నిలబడి పాఠం చెప్పలేకపోయేదాన్ని. కొన్నాళ్లు మలబద్ధకం, కొన్నాళ్లు ఉన్నట్టుండి విరేచనాలు. గ్యాస్ట్రో డాక్టర్ ముందుగా బరువు తగ్గానా, మలంలో రక్తం కనిపించిందా, రాత్రి నిద్రలోంచి లేచి వెళ్లాల్సి వస్తోందా అని అడిగి, రక్తహీనతకూ థైరాయిడ్‌కూ గోధుమలోని గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బుకూ పరీక్షలు రాశారు. సీలియాక్ పరీక్ష గోధుమ తింటున్న రోజుల్లోనే చేయించుకోవాలి. మానేశాక చేయిస్తే జబ్బు ఉన్నా లేనట్టు చూపే అవకాశం ఉంది. అన్నీ సక్రమంగానే ఉన్నాయని తేలాక, ఇది ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అని, పేగు నరాలు మామూలు సాగుదలను కూడా నొప్పిగా పసిగట్టే స్థితి అని వివరించి, పేగులో సరిగా ఇంకని పిండిపదార్థాలను కొన్నాళ్లు మాని చూసే ఫాడ్‌మ్యాప్ పథ్యం గురించి డైటీషియన్‌తో మాట్లాడమన్నారు.

నేను మాట్లాడలేదు. ఫోనులో దొరికిన జాబితా ఒకటి పట్టుకుని పాలు, పప్పు, గోధుమ, సగం కూరగాయలు, సగం పళ్లు ఒకేసారి మానేశాను. నాలుగు నెలల్లో ఐదు కిలోలు తగ్గాను. ఉబ్బరం కొంత తగ్గింది కానీ నీరసం పట్టుకుంది, పెళ్లి భోజనాలకు వెళ్లడం మానుకున్నాను, ఏది ఎందుకు మానేశానో నాకే తెలియదు. ఆ తర్వాతే డైటీషియన్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా జాబితా పూర్తిగా చదివి, “ఇందులో మానేయడమనే మొదటి మెట్టు మాత్రమే ఉంది, మీరు దాని మీదే కూర్చుండిపోయారు” అన్నారు.

ఈ పద్ధతి ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో మోనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకుల చేతుల్లో రూపుదిద్దుకుంది. ఫాడ్‌మ్యాప్ అనే పేరు 2005లో వాడుకలోకి వచ్చింది. పేగులో సరిగా ఇంకకుండా కిందికి జారి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులిసే చిన్న పిండిపదార్థాలన్నిటికీ కలిపి పెట్టిన పేరది. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లో ఉండే ఫ్రక్టాన్లు, పప్పుల్లో ఉండే గాలక్టో చక్కెరలు, పాలలోని లాక్టోజ్, తేనెలోనూ మామిడిపండులోనూ గ్లూకోజ్‌ను మించి ఉండే ఫ్రక్టోజ్, కాలీఫ్లవర్‌లోనూ పుట్టగొడుగుల్లోనూ ఉండే మానిటాల్ వంటి పాలియాల్స్ (చక్కెర ఆల్కహాళ్లు) అందులోకి వస్తాయి. ఫ్రక్టాన్లను, పప్పు చక్కెరలను విడగొట్టే ఎంజైమ్ మనుషులెవరి చిన్నపేగులోనూ లేదు. కనుక వాటితో వాయువు అందరికీ అంతో ఇంతో పుడుతుంది. ఇంకని చక్కెర పేగులోకి నీటిని లాగుతుంది, పెద్దపేగులో పులిసి వాయువు పుట్టిస్తుంది. సున్నితమైన పేగు ఉన్నవాళ్లకు ఆ సాగుదలే నొప్పి అవుతుంది. అంతేగాని ఈ పదార్థాలు విషాలు కావు. పెద్దపేగులోని మేలు చేసే సూక్ష్మజీవులకు వీటిలో చాలా భాగం తిండి కూడా. అందుకే గట్టి పథ్యం రెండు నుంచి ఆరు వారాలకు మించకూడదు.

ఈసారి డైటీషియన్ చెప్పినట్టు కొన్ని వారాలే గట్టి పథ్యం చేస్తానని ఇంట్లో చెప్పినప్పుడు కంగారుపడనిది మా అత్తయ్య ఒక్కరే. “ఉల్లి, వెల్లుల్లి లేకుండా కార్తీకమాసమంతా వండుకుంటాం కదమ్మాయ్, ఇంకో నెల వండితే ఏమవుతుంది?” అన్నారు. అన్నం, బెండకాయ, వంకాయ, గుడ్లు, చేపలు, బత్తాయి, ఉల్లికాడల ఆకుపచ్చ భాగం వరకు ఏ ఇబ్బందీ లేకుండా నడిచిపోయింది.

అయినా రెండు వారాలు గడిచినా మార్పు కనిపించలేదు. ఇంగువే కారణమనుకుని డబ్బా తిప్పి చూస్తే, పొడి ఇంగువలో గోధుమపిండి కలిపినట్టు రాసి ఉంది. భయపడి డైటీషియన్‌కు ఫోన్ చేశాను. సీలియాక్ ఉన్నవాళ్లు దాన్ని తప్పక మానాలని, నాకు తాలింపులో పడే చిటికెడులోని పిండి లెక్కలోకి రాదని చెప్పి, ఇడ్లీలోకి ఏం వేసుకుంటున్నారని అడిగారు. కారప్పొడి. అందులో గుప్పెడు వెల్లుల్లి రెబ్బలు, పొట్టుతో సహా దంచి ఉంటాయి. రోజూ ఉదయం నేతిలో కలిపి తింటూనే, కూరలోంచి మాత్రం ఉల్లిముక్కలు ఏరి పక్కన పెడుతున్నాను. పొడి మార్చిన పదో రోజుకు సాయంత్రం పొట్ట బిగుసుకోలేదు.

వెల్లుల్లి వాసన లేకుండా మా ఇంట్లో చారు సాగదు. ఫ్రక్టాన్లు నీటిలో కరుగుతాయి గాని నూనెలో కరగవు కనుక, అత్తయ్య నూనె వేడెక్కాక చితక్కొట్టని నాలుగు రెబ్బలు వేసి, అంచులు గోధుమరంగు తిరిగే వరకు ఉంచి, ఒక్కటీ మిగలకుండా చిల్లుల గరిటెతో తీసేసి, ఆ తర్వాతే ఆవాలు వేసేవారు. చారు పోశాక రెబ్బలు ఉండకూడదు, నీళ్లు తగిలితే లోపలిదంతా దిగిపోతుంది. ఆ నూనె ఏ పూటకాపూట చేసుకోవాలి. వెల్లుల్లి నానిన నూనెను బయట నిల్వ ఉంచితే బోట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషం ప్రమాదం ఉంది. మరి ఆవకాయ ఊట వేసుకోవచ్చా అని డైటీషియన్‌ను అడిగితే, మామిడిముక్కల నీరు అందులో దిగుతుంది కనుక వెల్లుల్లి ఆవకాయకు ఈ సూత్రం వర్తించదన్నారు.

ఐదో వారం చివర అసలు పని మొదలైంది. ఒక్కో గుంపు నుంచి ఒక్కో పదార్థం, మూడు రోజులు, రోజురోజుకూ మోతాదు పెంచుతూ, ఆ తర్వాత పొట్ట కుదుటపడే వరకు విరామం. మిగతా భోజనం మాత్రం పథ్యం ప్రకారమే. నోటుబుక్కులో ఎంత తిన్నానో, ఎన్ని గంటలకు ఏమైందో రాసుకున్నాను. మొదట పాలు. మూడో రోజు గ్లాసుడు తాగినా ఏమీ కాలేదు, అంటే నాలుగు నెలలు కాఫీ అనవసరంగా వదులుకున్నాను. చపాతీలు రెండింటి వరకు హాయిగా ఉన్నాయి, మూడో చపాతీతో బరువు మొదలైంది. వెల్లుల్లి ఒక్క రెబ్బకే సాయంత్రానికి పాత నొప్పి తిరిగొచ్చింది. రెండింటిలోనూ ఫ్రక్టాన్లే ఉన్నా, గ్రాముకు గ్రాము వెల్లుల్లిలో చాలా ఎక్కువ. కాలీఫ్లవర్ పడలేదు.

కందిపప్పు పరీక్షకు మాత్రం రెండుసార్లు కూర్చున్నాను, ఎందుకంటే పప్పు లేని భోజనాన్ని నేను జీవితాంతం ఒప్పుకోలేను. మామూలుగా కుక్కర్‌లో పెట్టిన ముద్దపప్పు చిన్న గిన్నెడు తింటే ఉబ్బరం వచ్చింది. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో వండితే అదే గిన్నెడు ఏ ఇబ్బందీ చేయలేదు; పప్పు చక్కెరలు కొంతవరకు నానబెట్టిన నీటిలోకి దిగిపోతాయి. “పప్పు పడదు” అని మూడేళ్లు ఊరందరికీ చెప్పుకున్న నేను, ఆ రోజు పుస్తకంలో “నానబెట్టినది, చిన్న గిన్నెడు, పడింది” అని రాసుకున్నాను.

ఇప్పుడు మా వంటింట్లో పప్పు రాత్రే నానుతుంది, కారప్పొడి రెండు సీసాల్లో ఉంటుంది, పెళ్లి భోజనంలో ఉల్లి కూర ఒకటి వదిలేసి మిగతావి తింటాను. పోయిన ఐదు కిలోల్లో నాలుగు తిరిగొచ్చాయి. ఫ్రక్టోజ్ పరీక్షను మాత్రం కావాలనే వేసవి దాకా ఆపాను. నిన్న బంగినపల్లి పండ్లు వచ్చాయి. ఈ రోజు ఒక చిన్న ముక్క, రేపు రెండు, ఎల్లుండి సగం పండు అని పుస్తకంలో గీతలు గీసి పెట్టుకున్నాను.