మ్యాపు మీద వృత్తాన్ని నమ్మకండి

ట్రామా సెంటర్, అంటే తీవ్రంగా గాయపడ్డవాళ్లకి వైద్యం చేసే ఆసుపత్రి, ఎక్కడ పెట్టాలి అంటే ఎవరైనా ముందు చేసేది మ్యాపు మీద ఓ చుక్క పెట్టి, దాని చుట్టూ వృత్తం గీసి, లోపలున్న వాళ్లకి భయం లేదు అనుకోవడమే. నేనూ అదే చేశాను. 20 కిలోమీటర్ల వృత్తం, చూడ్డానికి ముచ్చటగా ఉంది. తర్వాత రోడ్లు కలిపి చూస్తే, వృత్తం లోపలే ఉన్న ఒక ఊరికి ఏరు అడ్డం, వంతెన దాకా చుట్టు తిరిగి రావాలి. వృత్తం బయట హైవే పక్కనున్న ఊరి వాళ్లు అంతకన్నా ముందే వచ్చేస్తారు.

అంటే లెక్కపెట్టాల్సింది నిమిషాలు. ఫోన్ ఎత్తడం, బండి కదలడం, మనిషి ఎక్కడ పడున్నాడో కనుక్కోవడం, రక్తం ఆపి స్ట్రెచర్ ఎక్కించడం, అప్పుడు కదా ఆసుపత్రి దారి!

ఉన్న కొద్ది సెంటర్లతో అనుకున్న టైంలో ఎక్కువమందిని ఎలా అందుకోవాలన్నదాన్ని 1974లో చర్చ్, రివెల్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్కగా కట్టారు. అదే లెక్క అంబులెన్సులకీ వాడొచ్చు, కాకపోతే అందులో బండి ఎప్పుడు పిలిచినా వేరే పని లేకుండా సిద్ధంగా ఉన్నట్టే. 1983లో డాస్కిన్ అనే మరో పరిశోధకుడు దాన్ని సరిచేశాడు. బండి నూటికి 30 సార్లు వేరే పనిలో ఉంటుందనుకుందాం: ఒక్క బండి ఉంటే పిలిచినప్పుడు దొరుకుతుందని 70 శాతం భరోసా, రెండుంటే 91, మూడుంటే 97. మూడో బండి కలిపేది ఆరు శాతమే, అదే బండి అసలేమీ లేని ఊళ్లో ఉంటే సున్నా నుంచి 70.

మరి ఊరూరా సెంటర్ పెట్టేస్తే పోలా? పోదు. కేసులు పల్చబడితే సర్జన్ల చేతికి అలవాటు తప్పుతుంది, అర్ధరాత్రి రక్తం, స్కాన్, మత్తు డాక్టరు అన్నీ సిద్ధంగా ఉంచడం ఎవరి వల్లా కాదు. 2010లో మొదలైన పద్ధతిలో లండన్ మొత్తానికి నాలుగే మేజర్ ట్రామా సెంటర్లు, తీవ్రంగా గాయపడ్డవాళ్లని దగ్గరి ఆసుపత్రి దాటించి మరీ అక్కడికే తీసుకెళ్తారు. పక్కన కూర్చున్న బంధువుకి అది ఎలా ఉంటుందో ఊహించుకోండి, ఆసుపత్రి బోర్డు కళ్లముందే వెనక్కి వెళ్లిపోతుంటే.

చివరికి నా మ్యాపులో మూడో బండిని ఏటి అవతలికి జరిపాను. అక్కడ జనం తక్కువ కాబట్టి మొత్తం మీద శాతం కాస్త తగ్గింది. అలాగే ఉంచేశాను.