పాస్‌వర్డ్ ఖాళీ

"బాబుగారూ, బిల్లు అవ్వట్లేదండి, మేత బండి కొట్టు ముందే ఆగిపోయిందండి." పొద్దున్నే భీమవరం నుంచి ఫోన్, నేను పీహెచ్‌పీలో బిల్లింగ్ ప్రోగ్రాం రాసిచ్చిన రొయ్యల మేత కొట్టు నుంచి.

లైవ్, అంటే కొట్టువాళ్లు వాడే అసలు సైట్, తెరిస్తే తెల్ల స్క్రీన్. డేటాబేస్ క్లాస్ కన్‌స్ట్రక్టర్‌లో (ఆబ్జెక్ట్ తయారవగానే నడిచే కోడ్) హోస్ట్ 'లోకల్‌హోస్ట్', యూజర్ 'రూట్', పాస్‌వర్డ్ ఖాళీ. నా లాప్‌టాప్ వివరాలు, రాత్రి అప్‌లోడ్‌తో పాటే వెళ్లిపోయాయి. రొయ్యలు మేత కోసం ఆగవు కదా, చాలా బాధేసింది.

ముందు బిల్లు నడిపించి, తర్వాత కూర్చుని ఆ క్లాస్‌లోంచి వివరాలన్నీ తీసేశాను. ఇప్పుడు అది బయట తయారైన పీడీఓ ఆబ్జెక్ట్‌ని (పీహెచ్‌పీలో డేటాబేస్ కనెక్షన్) తీసుకుంటుందంతే, కనెక్షన్ కట్టే చిన్న ఫైల్ ఒక్కటే ఏ మిషన్ మీదుంటే ఆ మిషన్ వివరాలు గెట్‌ఎన్వ్‌తో, అంటే ఆ మిషన్‌లోనే పెట్టిన ఎన్విరాన్‌మెంట్ సెట్టింగుల్లోంచి, చదువుకుంటుంది. కోడ్ మార్పులన్నీ దాచే గిట్‌లోకి పాస్‌వర్డ్ ఎక్కదు.

లోకల్‌కొకటి, లైవ్‌కొకటి క్లాసులు రాసుకోమంటారు కొందరు. నాకు నచ్చదు, ఒకదాంట్లో సరిచేసింది రెండోదాంట్లో మర్చిపోతాం.

బండి పదింటికల్లా చెరువుకి చేరిందట.