బండి అడుగున ఉప్పు

సంక్రాంతికి ఇంటికొచ్చి మూడు రోజులైంది. పొద్దున్నే బావ వచ్చి, "బామ్మర్దీ, అక్కడ నువ్వు చేసేది ఇదే పని కదా. నా వ్యాను కింద ఏదో రాలుతోంది, ఒకసారి చూడు" అన్నాడు. గోనెసంచి పరుచుకుని వెల్లకిలా పడుకుని టార్చి వేశాను. ఛాసిస్ (బండిని మోసే ఇనుప చట్రం) పొడవునా తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది. స్క్రూడ్రైవర్ మొన ఆనించి కాస్త తిప్పగానే అప్పడం ముక్కంత పెచ్చు ఊడి నా ఛాతీ మీద పడింది. చేత్తో పట్టుకుంటే తడిగా ఉంది. వాన పడి ఎన్నాళ్ళో అయింది. ఆ తడి ఎక్కడిదో వాసనే చెప్పింది: చేపల పెట్టెల్లోంచి కారిన ఐసు నీళ్ళు.

మాది గోపాల్‌పూర్, బరంపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో సముద్రపు ఒడ్డు. సముద్రంలో వేటకెళ్ళే మాలాంటి తెలుగు మత్స్యకారులను ఇక్కడ నోలియాలంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాకు మామూలే. నేను కెనడాలో, ఒంటారియోలో, ఒక గ్యారేజీలో పనిచేస్తున్నాను. ఏడు శీతాకాలాలుగా నా పనంతా బండి అడుగు భాగంతోనే, దానికి పట్టే తుప్పుతోనే.

అక్కడ మంచు పడితే రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మంచినీళ్ళు 0 డిగ్రీల దగ్గర గడ్డకడితే, ఉప్పు బాగా కలిసిన నీళ్ళు మైనస్ 21 దాకా గడ్డకట్టకుండా ఉండగలవు. రోడ్డు మీద మాత్రం మైనస్ 10 దాటితే మామూలు ఉప్పు అంతగా పనిచేయదు. అప్పుడు కాల్షియం క్లోరైడ్ లాంటివి కలుపుతారు. అవి గాలిలోని తేమను లాక్కుంటాయి కాబట్టి బండి అడుగు ఎంతకీ ఆరదు. ఈ ఉప్పులో చాలా భాగం గనుల్లోంచి తీసిందే. గోడ్‌రిచ్ అనే ఊళ్ళో హ్యూరాన్ సరస్సు అడుగున, 500 మీటర్లకు పైగా లోతులో, ప్రపంచంలోకెల్లా పెద్ద భూగర్భ ఉప్పు గని ఉంది. చిన్నప్పుడు గంజాం దగ్గర హుమ్మా ఉప్పుమళ్ళలో ఎండకు ఆరే ఉప్పు కుప్పలు చూసినవాణ్ణి, సరస్సు కింద ఉప్పంటే మొదట నమ్మలేదు.

వెళ్ళిన మొదటి ఏడాది నా బూట్ల అంచు చుట్టూ తెల్లటి గీత ఏర్పడింది. ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను. పడవ దిగి వచ్చాక నాన్న లుంగీ ఆరితే అంచున సరిగ్గా అలాంటి గీతే ఉండేది. ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాను.

ఆ ఏడాదే ఒక పాత కారు కొన్నాను. కింద నల్లగా, మందంగా, కొత్తదానిలా పూత ఉంది. అమ్మినవాడు అదే చూపించి ధర చెప్పాడు. నాకప్పటికి పని ఇంకా తెలియదు. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కితే పెడల్ నేలకు తగిలింది. హ్యాండ్ బ్రేకు లాగి, పక్కనున్న మంచు కుప్పలోకి పోనిచ్చి ఆపాను. లిఫ్టు మీద చూస్తే బ్రేకు పైపు తుప్పుతో పగిలి ఉంది. పైన తారులాంటి పూత, లోపల పైపు పుచ్చిన కొమ్మలా ఉంది. తుప్పు మీద గట్టి పూత వేస్తే అది తడిని లోపలే బంధిస్తుంది. పూతలో చిన్న పగులు చాలు, ఉప్పునీరు లోపలికి పోతుంది, మరి బయటికి రాదు. కంటికి నల్లగా నున్నగా కనిపిస్తుంది కాబట్టి ఎవరూ అనుమానించరు. చేతులు వణుకుతూ స్టీరింగ్ పట్టుకుని కూర్చున్న ఆ పది నిమిషాలు నాకింకా గుర్తే. అందుకే సెకండ్ హ్యాండ్ బండి కొంటానని ఎవరు చెప్పినా, అడుగున పూత ఎంత అందంగా ఉంటే అంత గట్టిగా సుత్తితో తట్టి చూడమంటాను. మంచి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్న ఇనుము చప్పగా పలుకుతుంది.

మా గ్యారేజీలో గట్టి పూత వేయం, పల్చటి నూనె స్ప్రే చేస్తాం. అది ఆరిపోదు, అతుకుల్లోకి, మడతల్లోకి పాకుతుంది. తలుపుల లోపలికి, గుమ్మం కింది డొల్ల భాగాల్లోకి పొడవాటి గొట్టంతో కొడతాం, ఎందుకంటే తుప్పు ఎక్కువసార్లు లోపలి నుంచే మొదలవుతుంది. ఒకటి రెండు రోజులు నూనె చుక్కలు కారతాయి, ఇంటి ముందు సిమెంటు మీద మరకలు పడతాయని ముందే చెప్తాం. ఏటా మళ్ళీ కొట్టాలి. బ్రేకు డిస్కుల మీద, సైలెన్సర్ మీద, రబ్బరు బుష్‌ల మీద పడకుండా చూడాలి. అక్టోబరు, నవంబరులో, మంచు పడకముందు, బండి పొడిగా ఉన్నప్పుడు చేయించుకుంటే మంచిది. ఆ రెండు నెలలు మాకు తిండి తినే తీరిక ఉండదు. శీతాకాలమంతా బండిని వెచ్చని గ్యారేజీలో పెట్టి కాపాడుతున్నామనుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. అంటుకున్న ఉప్పు మంచు ఆ వెచ్చదనానికే కరిగి తుప్పును తొందరపెడుతుంది. చలి తగ్గిన రోజు చూసి అడుగును నీళ్ళతో బాగా కడగడం అన్నిటికన్నా ముఖ్యం.

ఇక బావ వ్యాను. ఇక్కడ మంచు లేదు గానీ సముద్రపు గాలి ఉంది, దానికి తోడు రోజూ చేపల నీళ్ళు. ఆయన అప్పుడప్పుడు వాటర్ సర్వీసింగ్‌లో పాత ఇంజినాయిలు కొట్టిస్తున్నాడట. అది వద్దన్నాను. వాడేసిన నూనెలో ఆమ్లాలుంటాయి, కారిందంతా ఇసుకలోకి పోతుంది. మేము వల ఆరేసుకునేది ఆ ఇసుక మీదే. ముందు మంచినీళ్ళతో గంటసేపు కడిగాం. ఛాసిస్ అడుగున నీళ్ళు పోవడానికి కంపెనీ పెట్టిన రంధ్రాలు వెతికితే ఒక్కటీ కనిపించలేదు. చేప పొలుసు, ఇసుక కలిసి సిమెంటులా బిగుసుకుపోయి ఉన్నాయి. సైకిల్ పుల్లతో పొడిచాను. మొదటి రంధ్రం తెరుచుకోగానే కాఫీ డికాషన్ రంగు నీళ్ళు ధారగా కారాయి. ఎన్ని నెలలుగా అక్కడ నిలిచి ఉన్నాయో! అక్క బకెట్టు పెట్టింది. పావు వంతు నిండింది.

నాన్న అరుగు మీద కూర్చుని అంతా చూశాడు. వేట నుంచి రాగానే పడవ మోటారును మంచినీళ్ళ డ్రమ్ములో ముంచి కాసేపు నడిపించకుండా ఆయన ఏ రోజూ ఇంట్లోకి రాలేదు. "మోటారుకి రోజూ చేస్తున్నదే కదరా" అన్నాడు, "వ్యానుకి ఎందుకు చేయలేదు మనం?" నా దగ్గర సమాధానం లేదు. నేను ఏడేళ్ళలో నేర్చుకున్నది ఆయన ఇంట్లో ముందే ఉంది.

రెండు రోజులు ఎండకు ఆరనిచ్చి, వైరు బ్రష్షుతో గీకి, వెనక పట్టీ దగ్గర పడ్డ కన్నానికి బరంపురంలో ముక్క వెల్డింగ్ చేయించి, తుప్పు ఆపే ప్రైమరు, పైన మైనం స్ప్రే కొట్టాం. చేపల నీళ్ళు ఛాసిస్ మీద పడకుండా పెట్టె అడుగున ఒక పీవీసీ పైపు బిగించి వెనక చక్రం అవతలికి దించాం. ఖర్చు పెద్దగా కాలేదు.

ఇక్కడ మళ్ళీ స్ప్రే కొట్టాల్సింది జూన్ వానలకు ముందు, అంటే మే నెలలో. అప్పటికి నేను ఒంటారియోలో ఉంటాను. నాన్న వంటింటి క్యాలెండర్‌లో మే పేజీ తిప్పి, అక్క చేత "వ్యాను స్ప్రే" అని రాయించాడు. దాని కింద ఇంకో మాట రాయమన్నాడు: "ముందు బొక్కలు చూడాలి."