ఆనంద నామ సంవత్సరంలో కట్టిన ఇల్లు

కోనసీమలోని మా మండువా లోగిలికి చారిత్రక కట్టడంగా గుర్తింపు కోరుతూ దరఖాస్తు సిద్ధం చేయడం మొదలుపెట్టి ఏడాది దాటింది. అందులో ఎక్కువ కాలం ఈ ఇల్లు ఎప్పుడు కట్టారన్న ఒక్క ప్రశ్న దగ్గరే గడిచింది.

ఇంట్లో అందరూ 1865 అనేవారు. కప్పు నేయించినప్పుడు దించిన పెంకును తిరగేస్తే అడుగున బాసెల్ మిషన్ పేరు, మంగళూరు, 1865 అని అచ్చు కనిపించేది. చిన్నప్పుడు ఆ అంకెలను నేనూ వేలితో తడిమి చూశాను. అయితే అది మంగళూరులో ఆ పెంకుల కర్మాగారం పెట్టిన సంవత్సరమే తప్ప పెంకు కాల్చిన సంవత్సరం కాదు. వీధి గుమ్మం పైన ఉన్న దూలం మీద మాత్రం 'ఆనంద నామ సంవత్సరం, వైశాఖ శుద్ధ దశమి' అని చెక్కి ఉంది. అరవై ఏళ్లకు ఒకసారి తిరిగి వచ్చే పేరు కనుక అది 1854 కావచ్చు, 1914 కావచ్చు. 1854 నాటికి మంగళూరు పెంకులే లేవు గానీ, మొదట తాటాకు కప్పు వేసి తరువాత పెంకు వేసి ఉండవచ్చు కదా అన్న సందేహం మిగిలింది. చివరకు రిజిస్ట్రారు కార్యాలయం నుంచి తెచ్చుకున్న నకలు దాన్ని తీర్చింది. మా ముత్తాతగారు 1912లో ఈ స్థలం కొన్నప్పుడు, నాలుగు హద్దుల మధ్య ఉన్నది 'ఖాళీ నివేశన స్థలం' అని అందులో స్పష్టంగా రాశారు. యాభై ఏళ్లు తగ్గినందుకు మా పెద్దమ్మ చిన్నబుచ్చుకున్నారు కానీ, నాకు మాత్రం నిజమైన తేదీ దొరికిన సంతోషమే మిగిలింది.

1958 నాటి కేంద్ర చట్టం అడిగే నూరేళ్లు దాటినా, ఆ రక్షణను నేను కోరడం లేదు. దాని కింద చుట్టూ 100 మీటర్ల మేర కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. గోడలు కలిసిన మా వీధిలో పొరుగువారికి అది అన్యాయమవుతుంది. రాజమహేంద్రవరంలోని కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు ఆ మహనీయుని వల్ల నిలిచింది. మా ఇంట అటువంటివారు పుట్టలేదు. మా ఇంటికున్న అర్హత దాని కట్టుబడే: నాలుగు వసారాల కప్పులూ లోపలికి వాలి, వాన నీరంతా మండువాలోకి దిగి, రాతి తూము గుండా పెరట్లోని అరటి పాదులకు చేరే ఆ పద్ధతి నేటికీ చెక్కుచెదరకుండా పనిచేస్తోంది. ఇటువంటి లోగిళ్లు మా చుట్టుపక్కల ఒక్కొక్కటే కూలి, వాటి స్తంభాలు కలప అడితీలకు చేరుతున్నాయి.

అందుకే చట్టబలం లేకపోయినా, వారసత్వ కట్టడాలను నమోదు చేసే ఇంటాక్ సంస్థ జాబితాలో ముందుగా చేర్చమని కోరాలనీ, ఆపైన రాష్ట్ర పురావస్తు శాఖకు రాయాలనీ నిర్ణయించుకున్నాను. వాటాదారులు ఏడుగురిలో ఆరుగురు సంతకాలు చేశారు. రేపు పిల్లల చదువుకు వాటా అమ్ముకోవలసి వస్తే ఎలాగని బాబాయిగారు ఆగారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. దస్తావేజు నకలు, ఇంటి కొలతల పటం పట్టుకుని వచ్చే ఆదివారం ఆయన దగ్గరకు వెళుతున్నాను.