చుక్క ఇంట్లోనే ఉందట

పడుకుందామనే అనుకున్నా గానీ ఇది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు. పొద్దున నార్సింగి వైపు సోలార్ ట్రాక్ మీద (పైన సోలార్ ప్యానెళ్ళ కప్పు ఉన్న సైకిల్ దారి) తొక్కుతుంటే పుణె నుంచి ఈయన ఫోను. "ఏంటి, ఇవాళ బద్ధకించావా, ఇంకా మంచం దిగలేదా" అని. నేనేమో రొప్పుతూ మాట్లాడుతున్నా, చెవిలో గాలి హోరు, మంచమేంటి! నేనెక్కడున్నానో ఇంట్లోవాళ్ళకి మ్యాప్ మీద చుక్కగా చూపించే లైవ్ ట్రాక్‌లో నా చుక్క ఇంటి మీదే ఉందట, ఎంతసేపటికీ కదలట్లేదట. కాదు బాబూ నేను రోడ్డు మీదే ఉన్నా అంటే "మరి చుక్క?" అంటారు. పెళ్ళాం మాట కన్నా చుక్క మాట మీద గురి ఎక్కువ.

ఈమధ్య ఇదే వరస. బయల్దేరేముందు యాప్ తెరిస్తే డబ్బా దొరకలేదంటుంది (హ్యాండిల్ మీద పెట్టుకుని రైడ్ రికార్డు చేసే సైకిల్ కంప్యూటర్‌కి మా ఇంట్లో ఆ పేరే ఖాయమైపోయింది, చిన్నాడి పుణ్యం), చక్రం తిరిగి తిరిగి ఫెయిల్డ్ అంటుంది. పోనీలే అని తొక్కొచ్చి స్నానం చేసి చూస్తే రైడ్ మాత్రం శుభ్రంగా స్ట్రావాలో, అదే రైడ్‌లన్నీ దాచుకునే యాప్‌లో, కూర్చుని ఉంటుంది. కనెక్టే అవనిది ఎలా ఎక్కింది? అసలు ఎక్కకపోతే ఒక బాధ, ఇలా సగం పనిచేసి సగం చెయ్యకపోతే మనకే పిచ్చేమో అనిపిస్తుంది.

కస్టమర్ కేర్ చాట్‌లో అడిగా. ఫోన్ రీస్టార్ట్ చేశారా మేడమ్. చేశా. బ్లూటూత్ ఆఫ్ చేసి ఆన్ చేశారా. చేశా. డివైస్ ఫోన్‌కి దగ్గర్లో ఉందా. ఒక చేతిలో అది, ఒక చేతిలో ఇది, ఇంతకన్నా దగ్గరగా పెట్టాలంటే రెండూ నోట్లో పెట్టుకోవాలి. ఇవన్నీ అయ్యాక, అయితే ఫ్యాక్టరీ రీసెట్ చేసేయండి అన్నాడు, ఏదో కిటికీ తలుపు తియ్యండి అన్నంత తేలిగ్గా. రీసెట్ చేస్తే ఏం పోతుందో ముందు చెప్పాలా వద్దా? చక్రం చుట్టుకొలత, నా 28 టైరుకి 2136 మిల్లీమీటర్లు, దగ్గర్నుంచి హార్ట్ రేట్ జోన్లు, ఏ స్క్రీన్ మీద ఏ అంకె ఉండాలో కూర్చుని సర్దుకున్నది మొత్తం మళ్ళీ మొదట్నుంచి. ఇంకా ఎక్కని రైడ్‌లు ఉంటే అవీ గోవిందా. నేనైతే ముందు కేబుల్ పెట్టి లాప్‌టాప్‌కి తగిలించి, యాక్టివిటీస్ ఫోల్డర్‌లో ఉన్న ఫిట్ ఫైళ్ళన్నీ (ఒక్కో రైడ్ రికార్డు ఒక్కో ఫైలు) కాపీ చేసుకున్నా. రీసెట్ చెయ్యలేదు, చెయ్యను కూడా. మీకెవరికైనా ఈ సలహా ఇస్తే ఫైళ్ళు మాత్రం ముందు తీసిపెట్టుకోండి, అవి డబ్బాలోనే ఉంటాయి, ఫోను ఉన్నా లేకపోయినా జీపీఎస్ పని జీపీఎస్ చేసుకుపోతుంది.

ఆ "దగ్గర్లో ఉందా" అన్న ప్రశ్నకే నాకు నాన్న గుర్తొచ్చాడు. నాన్న దుగ్గిరాల పసుపు కొట్లో గుమస్తా, తెనాలి నుంచి రోజూ సైకిలే. సీజన్‌లో లెక్కలు తెగేసరికి బాగా చీకటిపడేది, కాలవ గట్టు మీద వెలుగన్నదే ఉండేది కాదు. వెనక చక్రానికి డైనమో, ముందు స్టీలు హెడ్‌లైటు, ఆ రెంటికీ మధ్య ఒకటే తీగ. రెండో తీగ ఏదీ అని అడిగితే సైకిలే రెండో తీగ అనేవాడు. కరెంటు వైరులో వెళ్ళి ఫ్రేములోంచి వెనక్కి రావాలి, అందుకని డైనమో బిగించే క్లాంపుకి మొనదేలిన చిన్న స్క్రూ ఉంటుంది, అది పెయింటులోంచి దిగి ఇనుముని తాకాలి. తాకకపోతే డైనమో గుర్రుమంటూనే ఉంటుంది, లైటు వెలగదు. ఆదివారం మధ్యాహ్నం నాన్న సైకిల్ని తలకిందులుగా నిలబెట్టి, గడ్డం గీసుకుని పక్కన పడేసిన సగం బ్లేడుతో ఆ స్క్రూ కింద పెయింటు గీకేవాడు, పచ్చగా రాలేది, అది తుప్పు కాదు, పసుపు పొడి, ఆ సైకిల్ సందుల్లో ఎక్కడ గీకినా అదే. నా పని చేత్తో చక్రం గిర్రున తిప్పడం. బల్బులో తీగ ముందు ఎర్రగా కనపడి, ఇంకా గట్టిగా తిప్పితే తెల్లబడేది. ఆపితే ఆరిపోయేది. లైటు లేకుండా దొరికితే పోలీసులు చక్రాల్లో గాలి తీసి పంపేవాళ్ళు, వాల్వ్ ట్యూబు కూడా వాళ్ళ దగ్గరే ఉండిపోయేది. అమ్మ మాత్రం సందు చివర ఆ గుర్రు వినపడగానే లేచి చారు వేడి పెట్టేది. మేం ఏదన్నా అడిగితే ఉండండి మీ నాన్న వస్తున్నారు అనేది, మాకింకా ఏమీ వినపడకముందే.

ఇక్కడిదాకా రాసి, ఆ రోజుల్లో ఈ పెయిరింగులూ పర్మిషన్లూ ఏవీ లేవు, ఎంత హాయి అని రాయబోయా. కానీ ఏం హాయి? డైనమో వేస్తే తొక్కుడు బరువెక్కేది, వెన్నెల ఉంటే నాన్న దాన్ని వెనక్కి లాగేసి గుడ్డిగానే వచ్చేవాడు. వానొస్తే టైరు మీద డైనమో జారేది, సరిగ్గా కావలసినప్పుడే లైటు మిణుకుమిణుకు. ఒకసారి గట్టు దిగి తూటికాడలో పడ్డాడు కూడా, బల్బు మాడిపోయింది, కొత్తది కొనడానికి తర్వాతి జీతం దాకా ఆగాడు. చాట్‌లో ఆ అబ్బాయి మీద అరిచినట్టు నాన్న ఎవరి మీదా అరవలేదు, అరవడానికి ఎవరున్నారు గనక.

సరే, డబ్బా సంగతి. సాయంత్రం నా ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఊరికే డబ్బా ఆన్ చేశా. పైన మూలన బ్లూటూత్ గుర్తు. మినుకుమనట్లేదు, నిలకడగా వెలుగుతోంది, అంటే కనెక్ట్ అయి ఉంది. ఎవరితో? నా ఫోన్ నా చేతిలో చచ్చి పడుంది! డబ్బా పట్టుకుని మేడ మీదకెళ్ళా, గుర్తు మాయమైంది, నా ఫోన్ ఆన్ చేశానో లేదో యాప్‌లో టక్కున దొరికేసింది. కిందకి దిగి ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేస్తే దొరకలేదు. అంటే ఇంట్లోనే ఎవరో ఉన్నారు.

ఎవరంటే అత్తయ్య. అంటే అత్తయ్య ఫోను. నా పాత ఫోనే, ప్రవచనాలు వినడానికి ఈయన ఆవిడకిచ్చారు, ఇచ్చేముందు ఫోటోలు తీసేశారు గానీ యాప్‌లూ లాగిన్లూ అన్నీ అలాగే ఉంచేశారు. అత్తయ్య ఆడపడుచు వాళ్ళింటికి విజయవాడ వెళ్ళినన్నాళ్ళూ నా కొత్త ఫోన్ బంగారంలా పనిచేసింది, ఆవిడ తిరిగొచ్చాక మొదలైంది గొడవ (ఈ వాక్యం ఈయనకి చూపించకూడదు). ఇలాంటివి ఒక ఫోన్‌తో జతపడ్డాక నేనున్నానని పిలవడం మానేస్తాయి, పిలుపు వినపడకపోతే రెండో ఫోన్‌కి అది లేనట్టే. నేను గేటు దగ్గర డబ్బా ఆన్ చేస్తే అది హాల్లో ఉన్న పాత దోస్తునే పట్టుకుంటోంది, లైవ్ ట్రాక్ అక్కణ్ణుంచే మొదలవుతోంది, నేను సందు దాటగానే తెగిపోతోంది, చుక్క మాత్రం అక్కడే మిగిలిపోతోంది. తిరిగొచ్చాక రైడ్ ఎక్కించేదీ అదే, ఇంటి వైఫై మీద.

సందు దాటాక నా ఫోన్ అయినా అందుకోవాలి కదా అంటే, దానికి ఇంకో రోగం. బ్యాటరీ ఆదా పేరు చెప్పి వెనకాల నడిచే యాప్‌లన్నిటినీ పీక నొక్కేస్తుంది. సెట్టింగ్స్‌లో బ్యాటరీ కింద ఈ ఒక్క యాప్‌కి అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టా. నియర్‌బై డివైసెస్ అని ఆండ్రాయిడ్ 12 నుంచి వచ్చిన పర్మిషన్ ఒకటి ఉంటుంది, అదీ చూశా. పైగా జెర్సీ వెనక జేబులో పెడతాను ఫోను, 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని ఒంట్లో నీళ్ళే మింగేస్తాయి, అంటే నేనే అడ్డం. టాప్ ట్యూబ్ మీద, అంటే ఫ్రేము పై కడ్డీ మీద, చిన్న సంచీ ఉంటే కట్టుకోవాలి, చూడ్డానికి బాగోదు గానీ.

అత్తయ్య ఫోన్‌లో యాప్ తీసేద్దామని వెళ్ళా. బ్లూటూత్ ఆపేస్తే చాలు నిజానికి, కానీ ఆవిడ స్పీకర్ దాంతోనే నడుస్తుంది. "అత్తయ్యా, దీంట్లో సైకిల్‌ది ఒకటుంది, తీసేస్తా" అన్నా. "ఆ సైకిల్ బొమ్మా? అయ్యో, ఉంచమ్మాయ్. అది టింగుమంటే నువ్వు కింద గేటు దగ్గరకి వచ్చావని, నేను లేచి పాలు పెడతాను" అంది. రోజూ నేను షూస్ విప్పేసరికి కాఫీ ఎలా సిద్ధంగా ఉంటోందా అని నేనెప్పుడూ అడగనే లేదు.

ఇక తీసెయ్యడానికి చెయ్యి రాలేదు. వచ్చింది లెండి, మళ్ళీ వెనక్కి తీసుకున్నా. ఆవిడ యాప్‌లో లైవ్ ట్రాక్ దానంతటదే మొదలయ్యేది ఒక్కటే ఆపేశా. నేను సందు దాటాక డబ్బా ఆన్ చేస్తా, అప్పుడు నా ఫోన్ తప్ప ఇంకెవరూ ఉండరు, తిరిగొచ్చేటప్పుడు గేటు ముందు నా బ్లూటూత్ ఆపుకుంటా. రాస్తుంటేనే తెలుస్తోంది, ఇదో తలతిక్క ఏర్పాటు. ఒక నోటిఫికేషన్ కోసం ఇంత తంటానా, వస్తూ వస్తూ ఒక్క బెల్లు కొడితే పోదా. ఆయన ఫోన్ చేస్తే మళ్ళీ ఇదంతా చెప్పాలి.

ఆదివారం గండిపేట వైపు వెళ్తా, అక్కడ చుక్క కదిలితే సరి. పొద్దున ట్రాక్ మీద పాలపిట్ట కనపడింది, ప్యానెళ్ళ కింద ఇనప కమ్మీ మీద, ఎగిరినప్పుడు ఆ నీలం చూసి బ్రేకు వేసేశా, దాని గురించి రాద్దామనే కూర్చున్నా నిజానికి. ఇప్పుడే యాప్ అంటోంది, కొత్త అప్‌డేట్ వచ్చిందట, బ్లూటూత్ కనెక్షన్ మెరుగుపరిచారట. నొక్కను గాక నొక్కను.