తలసరి తగాదా

పదకొండు దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. మరిది అన్న మాట మాత్రం నా బుర్రలోంచి కదలట్లేదు. రాసేస్తే పోతుందేమో చూద్దాం.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఫోన్ చూస్తూ అన్నాడు. "వదినా, తలసరి ఆదాయంల మా రంగారెడ్డి ఫస్టు. మీ వికారాబాద్ లాస్టు." అంతటితో ఆగినా బాగుండేది. "ఇగ మీ తాండూరోళ్లకు మేమే పప్పు ఉప్పు పంపాలె" అని ఇంకోటి తగిలించాడు. అప్పుడు పళ్లెంలో ఉన్నది మా నాయిన పంపిన కందిపప్పు. 2022లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకే అని వేసే ముద్ర, వచ్చిన తాండూరు కంది! రెండోసారి వేయించుకుని మరీ తిన్నాడు. అత్తమ్మ నవ్వింది. మా ఆయన సంగతి మీకు తెలిసిందే, ఇలాంటప్పుడు ఆయనకు పళ్లెం తప్ప ఏమీ కనబడదు.

వాడు చూపించింది 2022-23 లెక్క. రంగారెడ్డిలో మనిషికి 9 లక్షల పైచిలుకు, వికారాబాద్‌లో 2 లక్షలు కూడా లేదు. అంకెలు అబద్ధమని నేననను. నాకు మండింది "మా రంగారెడ్డి" అన్నందుకు. 2016 అక్టోబర్ 11 దాకా తాండూరు కూడా రంగారెడ్డే కదా! ఆ దసరా రోజే 10 జిల్లాలు 31 అయ్యాయి. తాండూరు, వికారాబాద్, పరిగి వికారాబాద్ జిల్లా అని ఒక పక్కకు వచ్చేశాయి, మహబూబ్‌నగర్ నుంచి కొడంగల్ వచ్చి వాటితో కలిసింది. గచ్చిబౌలి, మాదాపూర్ ఉన్న శేరిలింగంపల్లి మాత్రం రంగారెడ్డికే ఉండిపోయింది. ముందురోజు రాత్రి పడుకున్న మా నాయిన పండగపూట లేచేసరికి పేద జిల్లా మనిషి అయిపోయాడు. బండల పాలిషింగ్ మెషిన్ అదే, బ్యాంకు అప్పు అదే, కరెంటు బిల్లు కూడా అదే.

అసలు ఈ తలసరి ఎలా కడతారో వాడికి తెలుసా? జిల్లా హద్దుల్లో ఏడాదిలో పుట్టిన సంపాదన అంతా కూడి అక్కడి జనాభాతో భాగించడమే. సంపాదించినవాడు రాత్రికి ఏ జిల్లాలో పడుకుంటాడన్నది ఆ లెక్కకు పట్టదు. కూకట్‌పల్లి నుంచి పొద్దున్నే గచ్చిబౌలి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లవాడు మనిషిగా మేడ్చల్ జిల్లాలో, వాడి పని విలువ రంగారెడ్డిలో. మొత్తాన్ని భాగించినప్పుడు మాత్రం చేవెళ్లలో టమాటా, క్యారెట్ పండించే మా అత్తమ్మ వాటాకూ 9 లక్షలు! టమాటా ధర పడిపోయి పోయినసారి పొలంలోనే వదిలేశారు. ఆ 9 లక్షలు ఏ బీరువాలో పెట్టిందో రేపు పొద్దున అడగాలి.

ఇది రాస్తుంటే 2014 ఆగస్టు 19 గుర్తొస్తోంది. సమగ్ర కుటుంబ సర్వే. ఒక్కరోజులో రాష్ట్రమంతా లెక్క, సెలవు ఇచ్చారు, అందరూ ఇంటి దగ్గరే ఉండాలన్నారు. పేరు రాయించకపోతే రేషన్ కార్డు పోతుంది, పింఛను పోతుంది అని ఊరంతా ఒకటే టెన్షన్. నాకు పెళ్లైన కొత్త, పుట్టింట్లో ఉన్నాను. మామయ్య ఫోన్: "కోడలి పేరు మా ఇంట్ల రాయించాలె, రేపటికల్లా పంపుండ్రి." నాయినకు కోపం వచ్చింది. "కార్డుల పేరు ఇంకా మా దగ్గరే ఉంది. నా బిడ్డ ఈడనే ఉంటది." అమ్మ మధ్యలో పడి, పెళ్లి చేసి పంపాక అట్ల అనొద్దంది. చివరికి ముందురోజు సాయంత్రం బస్టాండుకు తీసుకెళ్లాడు. జాతరకు పోయినట్టున్నారు జనం. కిటికీలోంచి సంచి విసిరి సీటు పట్టాడు నాకు, తను చేవెళ్ల దాకా నిలబడే వచ్చాడు. వికారాబాద్ దాటేదాకా నాతో మాట్లాడలేదు, తర్వాత జామకాయలు కొనిచ్చాడు. ఇంటి గడప దగ్గరే నన్ను అప్పజెప్పి, తనూ పొద్దుటికల్లా ఇంట్లో ఉండాలి కాబట్టి మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. తిరుగు బస్సు దొరకలేదట. నగరంలో సరుకు దించి ఖాళీగా పోతున్న బండల లారీ ఎక్కి తెల్లారుజామున తాండూరు చేరాడు.

పొద్దున ఒక టీచరమ్మ వచ్చింది. భూమి ఎంత, బర్రెలెన్ని, బ్యాంకు ఖాతా ఉందా అని అడిగి నా పేరు మా మామయ్య ఇంటి కాగితంలో రాసుకుంది. నాయిన రాత్రంతా జాగారం చేసినా, నన్ను అక్కడే ఉంచుకున్నా, జిల్లా గడిలో పడేది రంగారెడ్డే. రెండేళ్లకు గీత గీశారు, ఈసారి నన్ను ఎవరూ బస్సెక్కించలేదు.

కోపం తగ్గక సాయంత్రం చిన్నమ్మ కొడుక్కి ఫోన్ చేశా. వాడు సర్వేలకు ఫీల్డు మీద తిరుగుతాడు. విని నవ్వాడు. "అక్కా, మా శాంపిల్ సర్వేలో ఒకప్పుడు మీరిద్దరూ ఒకే ముద్ద." నిజమే, ఆ సర్వేవాళ్లకు జిల్లా పైన రీజియన్ అని ఇంకోటి ఉండేది. నిజామాబాద్, మెదక్, హైదరాబాద్, రంగారెడ్డి, మహబూబ్‌నగర్ కలిపి ఇన్‌లాండ్ నార్త్ వెస్టర్న్, అంటే సముద్రం తగలని వాయవ్య భాగం. ఆ పేరు వింటే మా ఊరికి ఓడరేవు ఒక్కటే తక్కువ అనిపించింది. 2025 జనవరి నుంచి చాలా సర్వేల్లో శాంపిల్ జిల్లావారీగానే తీస్తున్నారట.

ఇంతవరకు బాగానే ఉంది. తర్వాత వాడన్నదే మింగుడు పడలేదు. "మీరు రంగారెడ్డిలో ఉన్నన్నాళ్లూ గచ్చిబౌలి అంకె మీ మీద కప్పేసేవారు. తాండూరులో రోడ్డు లేదంటే, మీది ధనిక జిల్లా అనేవాళ్లు. ఇప్పుడు చివర ఉన్నారు కాబట్టే కనిపిస్తున్నారు." నాకు జవాబు తోచలేదు. ఆలోచిస్తే నాయినకు 2016లో పోయిందేమీ లేదు, అంతకుముందున్న ధనిక జిల్లా గొప్ప కూడా ఆయనది కాదు. అంటే గీత గీయడమే మంచిదైందా? అనే అనిపిస్తోంది. మరిదికి ఇది చెప్పను, ఎగిరి గంతేస్తాడు.

చేవెళ్ల సంగతేమిటి మరి? ఆ లెక్కన ఇప్పుడు గచ్చిబౌలి కింద కప్పబడింది అత్తమ్మ వాళ్ల పొలాలే. ఇంకో గీత గీస్తే ఇంకొకరు కనబడతారు. ఎక్కడ ఆపాలి? ఇంటింటికీ ఒక జిల్లా అంటే సర్వేలే అక్కర్లేదు.

ఇంకో చిక్కు. వికారాబాద్ బాగుపడిందా, చెడిందా అని చూడాలంటే పాత అంకె కావాలి. 2011 జనాభా లెక్కల్లో ఉన్నది 52,96,741 మంది ఉన్న పాత రంగారెడ్డి. కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లో పాత జిల్లాలతో జరిగింది, 2019-21లో 31 జిల్లాలతో. ములుగు, నారాయణపేట అప్పటికే పుట్టినా అందులో లేవు, ఎందుకంటే వాళ్లు 2017 మార్చి నాటి జిల్లాల జాబితా పట్టుకున్నారు. దేని పక్కన దేన్ని పెట్టి చూడాలి? జనాభా లెక్కల్లో మాత్రం ఊరూరికీ విడిగా అంకెలుంటాయని, 2011 పుస్తకంలోంచి మన మండలాల ఊళ్లు ఏరి, మహబూబ్‌నగర్ వైపు నుంచి కొడంగల్ ఊళ్లు తెచ్చి కూడితే అప్పటి వికారాబాద్ తయారవుతుందని తమ్ముడు చెప్పాడు. చేసిపెట్టరా అంటే, జీతం పెరిగాక చేస్తాడట.